తుంటిలో స్క్రూ, ఇంట్లో విచారణ

అమీర్‌పేటలో కాలిబాటంతా కంప్యూటర్ కోర్సుల కరపత్రాలు పరుచుకుని ఉండే రోజులవి. జావా అంటే ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు గానీ, వాన పడ్డ సాయంత్రం దాని కరపత్రం మీదే కాలు జారి తుంటి విరగ్గొట్టుకున్నాను. పంజాగుట్టలో ఓ ఆసుపత్రి వాళ్ళు తొడ ఎముకలో రాడ్డు వేసి, దానిగుండా తుంటి కీలు దాకా లావుపాటి స్క్రూ బిగించారు. కింద కూర్చోవద్దన్నారు. అసలు శిక్ష అదే. నేల మీద బాసింపట్టు వేసుకుంటే గానీ నాకు ముద్ద దిగదు.

బుద్ధిగా కుర్చీలోనే తింటూ వచ్చాను. అయినా గజ్జల్లో నొప్పి మొదలై రోజురోజుకీ ఎక్కువైంది. మా ఆవిడ క్షణంలో తీర్పు చెప్పేసింది.

"నేను కూరలకి వెళ్ళినప్పుడు కింద కూర్చుని తిన్నారు. అవునా, కాదా?"

"నీ మీదొట్టు, కూర్చోలేదే!"

"నా మీద ఒట్టేస్తే పోయేది నేనే కదా, మీకేం?"

పరామర్శకు వచ్చిన ఇంటి ఓనరు కూడా ఆవిడ పక్షమే చేరాడు. "జర నిజం చెప్పు సార్. సక్లముక్లం ఏసుకొని కూసున్నవ్ గదా? మా బాపు సుత గిట్లనే జేసి మళ్ల మంచమెక్కిండు."

ఒళ్ళు మండిపోయింది. నా తరఫున మాట్లాడే నాథుడే లేడు!

ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరు ఎక్స్‌రే చూసి, జూనియర్లను పిలిచి మరీ చూపించాడు. స్క్రూ వదులైతే మామూలుగా బయటి వైపుకి వస్తుందట. నాది తుంటి కీలు దాటి పొత్తికడుపు వైపు ప్రయాణం కట్టింది.

"చాలా అరుదండీ. మీ తప్పేం లేదు, కూర్చున్నా కూర్చోకపోయినా జరిగేదే. కానీ లోపల పెద్ద రక్తనాళాలున్నాయి. ఇవాళే తీసేయాలి" అన్నాడు.

"విన్నావా?" అంటూ కేసు గెలిచినవాడిలా మా ఆవిడ వైపు తిరిగాను. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మీ తప్పే అయ్యుంటే బాగుండునండీ. తిట్టి మాన్పించేదాన్ని. ఇప్పుడు నేనేం చెయ్యను?" అంది.

పెళ్ళైనప్పటి నుంచీ ఆవిడ అలా చేతులు వేలాడేసుకుని నిలబడటం నేనెరగను. స్క్రూ కంటే అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

నన్ను స్ట్రెచర్ ఎక్కించాక ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "ఒక్కరోజేనే. ఆవకాయ కలిపిన మర్నాడు. నువ్వు బయటికి వెళ్ళగానే కిందే కూర్చుని తిన్నాను."

"నాకు తెలుసు! నాకప్పుడే తెలుసు! ఎన్నిసార్లు చెప్పానండీ మీకు..." అని అందుకుంది. డాక్టరు మాట ఆవిడకిక గుర్తే లేదు. థియేటర్ తలుపులు మూసేదాకా తిడుతూనే ఉంది. నేను ధైర్యంగా లోపలికి వెళ్ళాను.

ఆ అబద్ధాన్ని ఇంతవరకూ వెనక్కి తీసుకోలేదు. ఆవిడ ఇప్పటికీ తిడుతుంది, నేను వింటాను.