చెలమలో ఎర్ర నీళ్లు

నా చిన్నప్పుడు మా మగ్గాల వీధిలో కలరా అనే మాట ఎవరూ నోటితో అనేవారు కాదు. డోన్‌కు దగ్గర్లో, వానకు మొహం వాచిన ఊరు మాది. ఎండాకాలం ఆ రోగం తగిలితే మా అవ్వ "ఆ తల్లి వచ్చిండాది" అనేది. పేరు పెట్టి పిలిస్తే మన గడపలోకే వస్తుందని ఆమె భయం. అవ్వ సరే, చదువుకోని మనిషి. తాలూకా నుంచి జీపులో వచ్చే ఆరోగ్యశాఖ పెద్దసారుకు ఏం వచ్చింది? ఆయనా ఆ మాట అననిచ్చేవాడు కాదు. ఎండదెబ్బ, వాంతులు, విరేచనాలు అని రాసుకుని వెళ్లిపోయేవాడు.

ఆ ఏడు మా అమ్మ పడింది. పొద్దున మగ్గం గుంతలో కూర్చున్న మనిషి, మధ్యాహ్నానికి కళ్లు లోపలికి పోయి, పిలిస్తే పలకలేకపోయింది. రోగం ఎక్కడ పుడుతోందో వెతకడానికి కర్నూలు నుంచి ఒక డాక్టరమ్మ వచ్చి మా వీధిలోనే ఉంటోంది. కాచిన నీళ్లలో ఉప్పు, చక్కెర కలిపి అమ్మకు చెంచాతో పోస్తూ కూర్చుంది. పోసినదాంట్లో సగం బయటికే వచ్చేది. తెచ్చిన సెలైన్ సీసాలు ముందు పడినవాళ్లకే అయిపోయాయి. సారు కలరా అని రాస్తే తప్ప పైనుంచి సీసాలు రావు, నీళ్ల ట్యాంకరూ రాదు. ఒక్క మాట రాయడానికి ఆ మనిషికి చెయ్యి రాలేదు. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

నీళ్లు బాగానే ఉన్నప్పుడు కలరా ఎలా వస్తుందని సారు వాదన. వంక ఎండిపోతే మేం ఇసుకలో చెలమ తవ్వుకుని, ఊరిన నీటిని చిప్పతో బిందెకు ఎత్తుకునేవాళ్లం. అద్దంలా ఉండేవి. ఇసుకే వడగట్టి ఇస్తుంది, ఇంతకన్నా మంచి నీళ్లు ఎక్కడున్నాయని మా వీధికి గర్వం. చెలమకు కాస్త ఎగువన ఒక మడుగు మిగిలి ఉండేది. రోగం పడినవాళ్ల బట్టలన్నీ అక్కడే ఉతికేవాళ్లు. అవి వేరు నీళ్లు, ఇవి వేరు నీళ్లు అనుకున్నాం.

డాక్టరమ్మ సారుతో వాదన పెట్టుకోలేదు. సాయంత్రం మా నాన్నను నూలుకు అద్దే ఎర్ర రంగు అడిగి, బానెడు రంగు తీసుకెళ్లి మడుగులో పోయించింది. "రంగంతా దండగ చేస్తాండావు కదమ్మా" అని అవ్వ గొణిగింది. తెల్లారి ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకుని డాక్టరమ్మ చెలమ దగ్గరికి వెళ్లింది. అవ్వ చిప్ప ముంచి తీసింది. నీళ్లు ఎర్రగా ఉన్నాయి. అవ్వ చిప్పలోకి చూసింది, మడుగు వైపు చూసింది. మేం తాగుతున్నది ఏ నీళ్లో అక్కడ ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. కొడుకును మంచాన వదిలి వచ్చిన పక్కింటి అక్క ఇసుకలోనే కూలబడి ఏడ్చింది.

అంతలో జీపు వచ్చింది. జనం బెదిరిపోతారు, ఆ మాట మాత్రం వద్దని సారు డాక్టరమ్మకు చెప్పబోయాడు. మా అవ్వ ఎర్ర నీళ్ల చిప్పను ఆయన ముక్కు కిందికి తెచ్చి పెట్టింది.

"ఏమప్పా, సచ్చేది మేమైతే భయం నీకా? నా కోడలు ఆడ పడిండాది. ఇది కలరా. రాయి, రాసినంక జీపెక్కు."

ఆడవాళ్లు బిందెలు దించి జీపుకు అడ్డంగా కూర్చున్నారు. పేరెత్తితేనే వణికిపోయిన నోళ్లు కలరా, కలరా అని అరిచాయి. నేనూ గొంతు చించుకున్నాను. బతికి బుద్ధెరిగి అంత హాయిగా నేనెప్పుడూ అరవలేదు. సారు జీపు ముందుభాగం మీద కాగితం పెట్టుకుని, మేం చూస్తుండగా రాశాడు.

సీసాలు ఆ సాయంత్రమే వచ్చాయి. మా అమ్మ దక్కింది. పక్కింటి అక్క కొడుకు అప్పటికే పోయాడు.

పెద్దయ్యాక నేనూ ఆ డాక్టరమ్మ పనే పట్టుకున్నాను. కలరా వెంట ఎన్నో దేశాలు తిరిగాను. ప్రతి దేశంలోనూ ఒక పెద్దసారు ఉంటాడు. వ్యాపారం దెబ్బతింటుందనో, యాత్రికులు రారనో చెప్పి ఆ మాట తీసెయ్యమంటాడు. మొన్న ఒక సమావేశంలో ఓ యువ అధికారి నా పక్కన కూర్చుని, నా నివేదిక చూసి, "నీళ్ల విరేచనాలు అని మార్చుదామమ్మా" అని మర్యాదగానే అడిగాడు. మీ అమ్మకు వస్తే ఏమని రాయమంటావు నాయనా అన్నాను. నేను మార్చలేదు. ఒంట్లో ఊపిరి ఉన్నంతవరకూ మార్చను.