చిరిగిన వలకు కొత్త వల

మా పక్క దుకాణం పెద్దాయన పోయిన ఆదివారం పొద్దున కన్నుమూశారు. రాయచూరు బజారులో వలలు, తాళ్లు అమ్మేవారు. ఆయన పెట్టిన నీటికుక్కల నిధికి లెక్కలు రాసినవాణ్ణి నేను. మనుషులతో సులువుగా కలవలేని నన్ను రోజూ చాయ్ చెప్పి పక్కన కూర్చోబెట్టుకున్నది ఆయనొక్కరే.

థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనిపించే కృష్ణ ఒడ్డున, రాళ్ల సందుల్లో, ముంగిసను పోలిన నీటికుక్కలు ఉండేవి. ఎక్కడ చూసినా తగ్గిపోతున్న జాతి. చేపల కోసం వలలు కొరికేవి. జాలరులు కోపంతో వాటిని కొట్టి చంపేవారు. వల కొనడానికి వచ్చిన ఒకతను ఆ సంగతి నవ్వుతూ చెప్పిన రోజు పెద్దాయన అన్నం ముట్టలేదు.

“నీకెందుకు బాధ సావుకారీ? అది కొరికితేనే గద నీకు గిరాకీ!” అన్నాడతను.

“అందుకేరా. దాని పుణ్యాన తింటున్న.”

మా బజారులో ప్రతి దుకాణం అమ్మకంలో కొంత ధర్మం కింద తీసిపెడుతుంది. అది గోశాలకు, చలివేంద్రాలకు పోతుంది. నీటికుక్కల నిధికని పెద్దాయన అందులో వాటా అడగబోతే, “కుక్కకు ధర్మమేంది మామా, ఎండ తగిలిందా?” అని తోటి వర్తకులు ఎగతాళి చేశారు. ఆయనకు కోపం రాలేదు.

“ఆవు మన గడపకొస్తది, ఇస్తం. అది మనల్ని చూస్తే పారిపోతది. దానికి ఎవరిస్తరు?”

ఇచ్చేదాకా అక్కడినుంచి కదలలేదు.

ఆయన పెట్టిన కట్టుబాటు ఒక్కటే. నీటికుక్క చింపిన వల తెస్తే కొత్త వల ఉచితం, నీటికుక్కను మాత్రం కొట్టకూడదు. చిరుగును వేళ్లతో తడిమి పంటి కొరుకో, కత్తి కోతో చెప్పేసేవారు. కత్తి కోతయితే, “ఈ కుక్కకు కత్తి పట్టుడు గూడ వచ్చిందా!” అని నవ్వి, అయినా ఇచ్చేవారు.

మేం ఊహించనిది వేరే. కొత్త వల మీద ఆశతో జాలరులు పాత వలలు తీసుకెళ్లి, సరిగ్గా నీటికుక్కలు తిరిగే రాళ్ల దగ్గరే కట్టసాగారు. కొరకడానికి వచ్చినవి చిక్కుకుని, పైకి రాలేక నీళ్లలోనే చచ్చిపోయేవి.

ఒక పొద్దున ఒక జాలరి తడి వలను అట్లాగే తెచ్చి గడప ముందు దించాడు. లోపల తల్లి నీటికుక్క, దానికి ఆనుకుని పిల్ల.

“వల చినగలే సావుకారీ, ఇవి సచ్చినయి. మేమైతే కొట్టలే. కొత్తది ఇస్తవా, ఇయ్యవా?”

వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. పెద్దాయన లేచారు. లోపలికి వెళ్లి కొత్త వల తెచ్చి అతని చేతిలో పెట్టారు.

“నువ్వు మాట తప్పలేరా. తీస్కపో.”

ఆ రోజే నిధి ఆపేశారు. తర్వాత ఒడ్డు వెంబడి తిరిగి, ఆ రాళ్ల దగ్గర వలలు కట్టవద్దని అందరినీ బతిమాలారు. కొందరు విన్నారు కూడా. అప్పటికి అక్కడ కాపాడటానికి ఏమీ మిగల్లేదు.

నిన్న ఆయన అస్థికలు నదిలో కలపడానికి పుట్టి పడవలో వెళ్లాం. తెడ్డు వేసింది ఆ తల్లీపిల్లల్ని వలలో తెచ్చిన జాలరే. రాళ్ల దగ్గర తెడ్డు పైకెత్తి పట్టుకుని, “పొద్దు గూకంగ ఈడ నీటికుక్కలు మస్తు ఈలలేసేటియి. పిల్లలు తల్లిని పిలిచేటియి,” అన్నాడు. అందరం చెవులు రిక్కించాం. తెడ్డు కొసనుంచి నీటి చుక్కలు రాలే చప్పుడు, అంతే. అది కూడా ఆగిపోయేదాకా అతను తెడ్డు దించలేదు.