సందెవేళ ట్యూబ్‌లైటు ఆర్పిన మా అమ్మ

మా చిన్నప్పుడు... సందెవేళ అయ్యిందంటే చాలు, మా ఇంట్లో ట్యూబ్‌లైటుకి జ్వరం వచ్చేది. టిక్కు టిక్కుమంటూ వెలిగేది, ఆరేది... మళ్ళీ వెలిగేది. దాని కింద పళ్ళెం ముందేసుకుని అమ్మ జీడిపప్పు పొట్టు తీస్తుండేది.

మాది పలాసకి అవతల, సముద్రం వైపు ఊరు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. నాన్న పనుల కోసం ఊళ్ళు పట్టుకుని తిరిగేవాడు. ఇంట్లో అమ్మ, నేను, నాన్న వాళ్ళమ్మ... అంటే మా మామ్మ. పగలంతా తోటపని, వంటపని అయ్యాక అమ్మకి మిగిలేది సాయంత్రమే. పలాస నుంచి షావుకారు ఆటోలో పప్పు సంచులు పంపేవాడు. చిన్న కత్తితో పైపొర గీకి, గుండుపప్పు విరగకుండా తిరిగి పంపాలి.

ఆ మినుకు మినుకు వెలుతురులో ఏం గీకుతారు? కత్తి ఓ రవ్వ ఎక్కువ దిగితే పప్పు రెండు ముక్కలు. ఓ రోజు షావుకారు మనిషి వచ్చి మెల్లగానే చెప్పాడు... "ముక్కలు ఎక్కువైపోతన్నాయమ్మా. ఇంకోపాలి ఇలగే వత్తే సంచులు ఆపేత్తారంట."

ఆ సంచులు ఆగితే ఉప్పుకీ పప్పుకీ కూడా అమ్మ ఎవరి ముందో చెయ్యి చాపాలి. అమ్మకి ఒళ్ళు మండేది సరిగ్గా ఆ ఒక్క పనికే.

కరెంటు పని చేసే మావకి కబురు పెట్టింది. వరసకి అమ్మకి అన్న. ఆయన పొద్దున్నే వచ్చి స్విచ్ వేస్తే... ఆ మాయదారి లైటు కన్నార్పకుండా వెలిగింది. "బాగానే ఎలుగుతున్నాది గదే సెల్లీ, దీనికేటి రోగం?" అని టీ తాగి వెళ్ళిపోయాడు. సాయంత్రం రమ్మని మళ్ళీ కబురు పెడితే మళ్ళీ పొద్దున్నే వచ్చాడు. మళ్ళీ టీ.

అసలు సంగతేమిటంటే, సాయంత్రం ఊరంతా లైట్లు వేసేసరికి ఓల్టేజీ పడిపోయేది. మిగతా ఇళ్ళలో లైట్లు కాస్త మసకబారి ఊరుకునేవి... మాది మాత్రం చిందులేసేది. రోగమేంటో తెలియాలన్నా, కుదిరిందో లేదో తేలాలన్నా సందెవేళే చూడాలి. విప్పి చూడాలంటే లైటు ఆపాలి.

అక్కడే వచ్చింది చిక్కు. సందెవేళ పెట్టిన దీపాన్ని ఆర్పడం మా మామ్మ రాజ్యంలో మహాపాపం. లక్ష్మి గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతుందట. అసలు "ఆరింది" అనే మాటే అనకూడదు, "కొండెక్కింది" అనాలి. కరెంటు దీపానికీ అదే చట్టం. ఆ చట్టం చేసినవాళ్ళెవరో ఒక్క సాయంత్రం మా లైటు కింద కూర్చుని పప్పు గీకి ఉంటే బాగుండేది.

ఓ సాయంత్రం వరసగా పప్పులు ముక్కలవుతుంటే, అమ్మ పళ్ళెం పక్కకి నెట్టి లేచింది. స్టూలు లాగింది. నా చేతికి టార్చిలైటు ఇచ్చింది. స్విచ్ ఆపింది. అది చాలదన్నట్టు మెయిను కూడా దించేసింది.

ఇల్లంతా చీకటి.

"ఓలమ్మా... ఏటే నువ్వు సేత్తన్న పని? సందేల ఇల్లు సీకటి సేత్తావా?" మామ్మ గొంతు వీధి చివరికి వినబడే ఉంటుంది. "కొండనాలిక్కి మందేత్తే ఉన్న నాలిక ఊడిందంట. ఉన్న ఎలుగూ పోతాది, సూడు."

అమ్మ స్టూలు దిగలేదు. "రోగం ఉన్నప్పుడే గదా అత్తా సూడాల. తగ్గాక సూత్తే ఏటి కనబడతాది?" అంది, గొంతు పెంచకుండానే.

ట్యూబు తిప్పి కిందికి దించింది. టార్చి వేసి చూస్తే, దాని కాళ్ళు దూరే చోట రేకులకి చిలుము పట్టి ఉంది. మా ఉప్పుగాలి సైకిలు గొలుసునే వదల్దు, దీన్ని వదులుతుందా? పప్పు గీకే కత్తితోనే ఆ చిలుమంతా గీకేసింది. అన్నీ బిగించి, మెయిను ఎత్తి, స్విచ్ వేసింది. లైటు కాస్త తడబడి... నిలబడింది. ఆ సాయంత్రం ఇంక మినుకుమనలేదు.

సంచులు ఆగలేదు. అమ్మ పని ఆగలేదు.

మామ్మ సాధింపూ ఆగలేదనుకోండి. ఆవు పాలు తగ్గినా, జీడిపూత రాలినా, నాకు లెక్కల్లో మార్కులు రాకపోయినా... "సందేల దీపం ఆర్పిన ఇల్లు మరి" అనేది. అనకూడని మాట అప్పుడు మాత్రం అనొచ్చు కాబోలు. ఓసారి ఇంటినిండా చుట్టాలుండగా కూడా అనేసింది. అమ్మ చేతిలో కత్తి ఆపి, తలెత్తింది.

"అవునత్తా, నానే ఆర్పినాను. ఎలిగించింది కూడా నానే."

అనేసి మళ్ళీ తలొంచి పప్పు గీకసాగింది. నాకైతే లేచి గంతులెయ్యాలనిపించింది.

ఇప్పుడు అన్నీ ఎల్ఈడీలే... స్టార్టర్లు లేవు, మినుకులు లేవు. పాడైతే విప్పి చూసేదీ లేదు, తీసి పారేసి కొత్తది పెట్టడమే. హాయిగానే ఉంది, కాదనను. కానీ చీకట్లో స్టూలెక్కి, తిట్లు తింటూ కూడా పని పూర్తి చేసి దిగే మనుషులు తగ్గిపోతున్నారేమో అని నా బెంగ.

మీ ఇళ్ళలోనూ అలాంటి అమ్మో, అత్తో, పిన్నో ఉండే ఉంటారు... కింద రాయండి, అందరం చదువుతాం. ఆవిడ ఆర్పిందని ఇప్పటికీ ఎవరైనా దెప్పుతుంటే మాత్రం, వెలిగించింది ఎవరో కూడా చెప్పమనండి.