ఓడకు చేతులెక్కణ్ణుంచి వస్తాయి?

ఆ రోజుల్లో సికింద్రాబాద్‌లో నా ఈడు వాళ్లంతా పొద్దున్నే బస్సెక్కి అమీర్‌పేటకు, కంప్యూటర్ కోర్సులకు పరుగెత్తుతుంటే, నేను రాణిగంజ్‌లో ఒక మోటారు విడిభాగాల కొట్టులో స్టాకు లెక్కలు చూసేవాణ్ణి. ఆ లెక్కలు నాకెవరూ నేర్పలేదు, చూసి చూసి పట్టుకున్నాను. (డిగ్రీ మాట అడక్కండి. అది నన్ను వదిలిందో, నేను దాన్ని వదిలానో ఇప్పటికీ తేలలేదు.) ఎంత పెద్ద విషయమైనా మార్కులు వేస్తే నిజం బయటపడుతుందని నా నమ్మకం. సీతాఫల్‌మండిలో మా చర్చి వాళ్లకు కూడా ఆ నమ్మకం అంటుకోవడంతో చిక్కొచ్చింది.

సండే స్కూల్లో టీచరాంటీ జలప్రళయం కథ చెబుతూ, ఓడ ఎంత పెద్దదో రెండు చేతులూ చాచి చూపిస్తుంటే, మా అక్క కూతురు లేచి, "ఆంటీ, ఆ ఓడకు చేతులెక్కణ్ణుంచి వస్తాయి?" అని అడిగింది. పాపం, దాని తప్పు లేదు. అప్పట్లో రోజూ సాయంత్రం టీవీలో ఒక రోబోల కార్టూన్ వచ్చేది. ముందు బొమ్మలు తయారుచేసి, వాటిని అమ్మడానికి తర్వాత కథ అల్లారట. అందులో లారీ, క్రేను, రైలింజను, ఏదైనా సరే, టకటకా మడతలు విప్పుకుని, కాళ్లూ చేతులతో నిలబడి కొట్టుకునేది. టీచరాంటీ చాలా నొచ్చుకుంది. ఆ కార్టూన్ పిల్లలు చూడదగ్గది కాదని తేలితే ఇళ్లన్నిట్లో మాన్పించేయాలని పెద్దలు అనుకున్నారు. "మన లెక్కల బాబుకు అప్పజెప్పుండ్రి, ఎవరి దిక్కు మాట్లాడడు" అన్నాడు మౌలాలి రైల్వే కాలనీ నుంచి వచ్చే గార్డు అంకుల్.

"మామయ్యా, నువ్వు కాదన్నావో, నీతో కటీఫ్" అంది మేనకోడలు, ఇంటికి రాగానే.

దెబ్బకు ఒక మార్కు కోత, సాయానికి ఒక మార్కు అనుకున్నాను. మొదటి రోజే ఇరుక్కుపోయాను. పిల్లల బస్సును కాపాడ్డానికి క్రేను రోబో దుర్మార్గపు రోబోను ఒక్క గుద్దు గుద్దింది. కోయాలా, కలపాలా? రోబోకు నొప్పి ఉండదు కాబట్టి సగం కోస్తేనో? అక్కనడిగితే, "ఒరేయ్, పెళ్లిసంబంధం ఫొటో చూడమంటే తీరికలేదంటావు, ఇనపముక్కల మంచీచెడూ మాత్రం చూస్తావా!" అంది. క్షుణ్ణంగా పరిశీలించాలి కదా అని ఒక క్రేను బొమ్మ కూడా కొన్నాను. విడిభాగాల మధ్య బతికేవాణ్ణి, దాని మెడ ఎటు తిప్పాలో తెలియక బిక్కమొహం వేశాను. మేనకోడలే నేర్పింది. ఇక కొట్టులో గిరాకీ లేనప్పుడల్లా కౌంటర్ కింద అదే పని. కొన్నాళ్లకు టీవీ ముందు నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, మేనకోడలు మోచేత్తో పొడిచి "మామయ్యా, మార్కు!" అని గుర్తుచేయాల్సి వచ్చేది.

చివరికి అన్నీ కూడితే కోతలే ఎక్కువ తేలాయి. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక వెనకగదిలో పెద్దల ముందు నిలబడ్డాను. కిటికీ ఊచల్లోంచి మేనకోడలు, దాని వెనక సండే స్కూలంతా నన్నే చూస్తున్నారు. మార్కుల కాగితం తీసి, మళ్లీ జేబులో పెట్టేశాను.

"ఫైసలా తర్వాత చెప్పు గని, లారీ మనిషెట్లయితదో జెర సమజ్ చెయ్ బాబూ" అన్నాడు గార్డు అంకుల్.

అదే అదననుకున్నాను. "లారీ కాదంకుల్, క్రేను చూడండి" అంటూ ఇస్త్రీ చొక్కాతోనే నేలమీద కూర్చుని, మోకాళ్లు ముడిచి, చేతులు కింద దోపి, తల లోపలికి వంచాను. క్రేను బ్రహ్మాండంగా కుదిరింది. తిరిగి మనిషి కావడమే కుదరలేదు. నడుం పట్టేసింది.

"మామయ్యా, ముందు మెడ! మెడ తిప్పాలి!" అంటూ మేనకోడలు పరుగెత్తుకొచ్చింది. వెనకే పిల్లలంతా వచ్చి, ఎవరూ చెప్పకుండానే తలో పక్కా చెయ్యివేసి, "ఐసా!" అని నన్ను లేపారు. కార్టూన్‌లో కూలబడ్డ రోబోను మిగతావి లేపేది సరిగ్గా అలాగే.

"చూడుండ్రి టీచరమ్మా, ఎవలన్న చెప్పిన్రా? ఇంక మార్కులెందుకు?" అన్నాడు గార్డు అంకుల్.

టీచరాంటీ నన్ను ఎగాదిగా చూసి, నవ్వాపుకోలేక, "పిల్లలు చూస్తే చూడనీ. ఈ అబ్బాయిని మాత్రం చూడనివ్వకండి" అంది.

నేనెంతో జాగ్రత్తగా కూడిన మార్కులు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు మేనకోడలు బొల్లారంలో టీచరు. వచ్చినప్పుడల్లా నేను కుర్చీలోంచి మూలుగుతూ లేస్తుంటే, "ముందు మెడ, మామయ్యా!" అంటుంది. కసురుకుంటాను గానీ, నిజం చెప్పొద్దూ, మౌలాలి రోడ్డు మీద ఏ క్రేను ఎదురైనా నా కళ్లు ఈనాటికీ దాని చేతులు ఎక్కణ్ణుంచి వస్తాయా అనే వెతుకుతాయి.