లాభం అంటే ఒకటి

నేను అక్కడికి వెళ్లింది కుక్కను తెచ్చుకోవడానికి కాదు, నేల కొలవడానికి. వీధిలో వదిలేసిన కుక్కలను చేరదీసి ఉంచే చోటు అది, ఊరికి కాస్త దూరంగా ఉంటుంది. కొత్తగా కట్టిన గదికి టైల్స్ వేయిస్తున్నారు. ఎన్ని పెట్టెలు పడతాయో లెక్కగట్టి చెప్పడం నా పని. పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పిన తర్వాత, ఎక్కాల పుస్తకం ఒకటీ మేస్త్రీల టేపు ఒకటీ పట్టుకుని సొంతంగా నేర్చుకున్న పని. ఇరవై ఎనిమిదేళ్లుగా సికింద్రాబాద్ చుట్టుపక్కల ఇదే చేస్తున్నాను.

గది పన్నెండు అడుగులకు పద్దెనిమిది. నాలుగు గోడలూ కొలిచాక, మూల నుంచి మూలకు కూడా టేపు లాగి చూడాలి. అప్పుడే గది తిన్నగా ఉందో, ఒక పక్కకు లాగిందో తెలుస్తుంది. ఆ టేపు పోవలసిన దారికి సరిగ్గా అడ్డంగా ఒక ముసలి ఆడకుక్క పడుకుని ఉంది. గోధుమరంగు ఒళ్లు, నెరిసిన మూతి, మడతపడిన ఎడమ చెవి. పనిమనిషి దాన్ని లేపబోతే నేనే వద్దన్నాను. ఆ ఒక్క కొలత వదిలేశాను. తీరా పని మొదలయ్యాక ఒక పెట్టె తక్కువైంది. గది నిజంగానే ఒక పక్కకు లాగి ఉంది.

పెట్టె సంగతి చూడటానికి మళ్లీ వెళితే అది ఇంకో మూల పడుకుని ఉంది. అక్కడ చూసుకునే మేడమ్‌ను దాని గురించి అడిగాను. మోండా మార్కెట్‌లో మూసేసిన షట్టర్ కింద దొరికిందట, ఎనిమిది నెలలైందట. పళ్లు చూసి పదేళ్లో పదకొండేళ్లో ఉంటాయన్నారట. వచ్చినవాళ్లంతా కుక్కపిల్లలనే అడుగుతారని, దీని ముందు ఇంతవరకూ ఎవరూ ఆగలేదని చెప్పింది. మూడోసారి వెళ్లినప్పుడు దాన్ని ఆటోలో ఇంటికి తెచ్చాను.

బోయిన్‌పల్లిలో మాది కింది వాటా. గేటు తీసిన మా ఆవిడ కుక్కను చూసింది, నన్ను చూసింది.

"నేల కొలవపోయి కుక్కను తెచ్చిండ్రు. రేపు గోడ కొలవపోయి ఏనుగును తెస్తరా ఏంది?"

పాత దుప్పటి ఒకటి నాలుగు మడతలు వేసి వరండాలో పరిచింది. దాన్ని ముసలమ్మ అని పిలవడం మొదలుపెట్టింది.

ముసలమ్మ కరవలేదు, మొరగలేదు, ఇల్లు పాడుచేయలేదు. తినలేదు, అదొక్కటే. గిన్నె పెడితే దాని ముందు బుద్ధిగా కూర్చుని మా ముఖాల్లోకి చూసేది. మేం దేనికోసమో ఆగినట్టు తానూ ఆగేది. చాలాసేపు చూసి, లేచి గేటు దగ్గరికి వెళ్లి పడుకునేది. ఎవరూ లేనప్పుడు కొంచెం పాలు నాకేది, ఎప్పుడైనా బ్రెడ్ కొరికేది. మా వీధిలో అందరూ కుక్కలతో ఇంగ్లీషులోనే మాట్లాడతారు. పిల్లలను తెలుగులో తిట్టేవాళ్లు కూడా కుక్కను చూడగానే కమ్, సిట్, గో అంటారు. మేమూ అలాగే మొదలుపెట్టాం. మా ఆవిడ గిన్నె ముందు కూర్చుని ఈట్, ఈట్ అని బతిమాలేది. పక్కింటాయన హిందీలో చెప్పి చూడమన్నాడు. అదీ అయింది. అన్నం, రొట్టె, కోడి కాళ్లు, ఉడికించిన గుడ్డు, ఏదీ ముట్టలేదు.

డాక్టరు రక్తం తీసి చూశాడు. జబ్బేమీ లేదన్నాడు. ఆశ్రయంలో ఇరవై కుక్కల మధ్య, తోపులాటలో, వాటిని చూసి నాలుగు మెతుకులు మింగి ఉంటుందన్నాడు. బరువు చూస్తూ ఉండమన్నాడు. పన్నెండు కిలోలకు దిగితే ఇక ఇంట్లో ఉంచుకోవద్దు, తిరిగి అప్పజెప్పాలి, బోనులో ఉంచి సెలైన్ ఎక్కిస్తారు. ఆ వయసులో అలా వెళ్లినవి బయటికి రావడం తక్కువేనని కూడా దాచకుండా చెప్పాడు.

రోజూ పొద్దున దాన్ని ఎత్తుకుని బరువు యంత్రం మీద నిలబడేవాణ్ని. ఇద్దరి బరువులోంచి నాది తీసేస్తే దానిది. తెచ్చిన రోజు ఇద్దరం ఎనభై ఐదు కిలోల ఆరు వందల గ్రాములు, నేను డెబ్బై ఒకటీ నాలుగు వందలు. అంటే అది పద్నాలుగు కిలోల రెండు వందలు. రోజుకు వంద గ్రాముల లెక్కన తగ్గుతోంది. ఇరవై రెండో రోజుకు పన్నెండు. క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టాను. మర్నాటి నుంచి మా ఆవిడ కూరగాయల సంచి తెచ్చి ఆ క్యాలెండర్ మీద తగిలించడం మొదలుపెట్టింది.

పదహారో రోజు మా అత్తగారు వచ్చారు, కళ్లు చూపించుకోవడానికి. వస్తూ వస్తూ సొంత పొలంలో పండిన బియ్యం ఒక బస్తా తెచ్చారు, ఇద్దరు కూతుళ్లకూ చెరిసగం అని. గిన్నె పట్టుకుని మా ఆవిడ వరండాలో "ముసలమ్మా, జెర తినే" అంటే, లోపలి నుంచి ఆమె "నేను తిన్ననే బిడ్డా" అన్నారు. ఆ పదహారు రోజుల్లో మా ఆవిడ నవ్వడం అప్పుడే చూశాను. రాత్రి భోజనాల దగ్గర అత్తగారు నా పళ్లెం చూసి, కుక్కతోపాటు అల్లుడు సుత ఎండుతున్నడు అన్నారు. నిజమే. పొద్దున నా బరువు డెబ్బై కిలోల ఆరు వందలే ఉంది.

పదిహేడో రోజు ముసలమ్మ పన్నెండున్నర కిలోలు.

మధ్యాహ్నం అత్తగారు వరండాలో చాప పరిచి, బస్తా విప్పి, తన ఇత్తడి సోలతో బియ్యం కొలవడానికి కూర్చున్నారు. మొదటి సోల ముంచి, పైన అరచేత్తో చదును చేసి, డబ్బాలో పోస్తూ "లాభం" అన్నారు.

గేటు దగ్గర పడుకున్న ముసలమ్మ తల ఎత్తింది. లేచింది. వెనక కాలు కుంటుకుంటూ పన్నెండు అడుగులు నడిచి వచ్చి చాప అంచున కూర్చుంది. తోక నేల మీద రెండుసార్లు కొట్టింది. దాని తోక కదలడం నేను అప్పటిదాకా చూడలేదు.

"ఏందే, నీకు సుత వాటా కావాల్నా?" అన్నారు అత్తగారు.

ధాన్యం కొలిచేవాళ్లు మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. తర్వాత రెండు, మూడు మామూలే. ఏడు అన్నా నోటికి మంచిది కాదని ఆరున్నొకటి అంటారు. మా ఆవిడ కూడా పెళ్లైన కొత్తలో అలాగే కొలిచేది. నేనింకా లెక్కలు నేర్చుకుంటూనే ఉన్నాను. ఒకచోట సిమెంటు బస్తాలు దించేటప్పుడు ఒక కూలీ లాభం అనీ, ఇంకొకడు దాని తర్వాత ఒకటి అనీ మొదలుపెట్టి, చివరికి ఒక బస్తా తేడా వచ్చి గొడవైంది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఒకటిని ఒకటి అనాలి, మన ఇంట్లో ఇక లాభం అనొద్దు అని మా ఆవిడకు చెప్పాను. అలాగేనంది. ఇరవై నాలుగేళ్లుగా ఒకటి అనే అంటోంది.

నేను వెళ్లి కుక్క ముందు కూర్చుని "ఒకటి" అన్నాను. అది నా వైపు చూడలేదు. "రెండు" అన్నాను. చూడలేదు. "లాభం" అన్నాను. మడత చెవి లేచింది. సరిచూసుకోవాలని మళ్లీ ఒకటి దగ్గర మొదలుపెట్టాను.

"ఆకలైన జీవానికి పరీక్షలేంది అల్లుడా," అన్నారు అత్తగారు. "లోపటికి పోయి అన్నం తే."

పెరుగన్నం తెచ్చాను. ఆమె ముద్ద చేసి గిన్నెలో పెట్టి "లాభం" అన్నారు. ముసలమ్మ తిన్నది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఇంకో ముద్ద పెట్టి "రెండు" అన్నారు. అది ముట్టలేదు, మా చేతుల వైపు చూస్తూ కూర్చుంది. "మూడు" అన్నా అంతే.

"మళ్ల మొదలువెట్టు అమ్మా," అంది మా ఆవిడ.

లాభం అంటే తిన్నది. మళ్లీ లాభం, మళ్లీ తిన్నది. గిన్నె ఖాళీ అయ్యేదాకా అత్తగారు లాభం తప్ప ఇంకో అంకె అనలేదు. ఎన్ని ముద్దలయ్యాయో నేను లెక్కపెట్టలేకపోయాను. ప్రతిదీ ఒకటే అయితే ఎలా లెక్కపెడతాం? మా ఆవిడ అలవాటును నేను మాన్పించకపోయి ఉంటే, వచ్చిన రోజే బియ్యం కొలిచేటప్పుడు ఆ కుక్క లేచి వచ్చేది.

రెండు రోజులు ఆగి మోండా మార్కెట్‌కు వెళ్లాను. ధాన్యం దుకాణాల వరసలో ఫోన్‌లో దాని బొమ్మ చూపిస్తూ నడిచాను. నాలుగో దుకాణంలో పప్పులమ్మే పెద్దమనిషి కళ్లద్దాలు పైకి తోసి చూశాడు.

"గిది కొలిచేటాయన కుక్క కదా. బతికే ఉన్నదా?"

పక్క దుకాణంలో ధాన్యం కొలిచే ముసలాయనట. ఒంటరి మనిషి. ఆయన పోయాక దుకాణం కూడా మూతపడింది. పొద్దున మెట్టు మీద కూర్చుని జొన్నరొట్టె తినేవాడట, ఎదురుగా కుక్క.

"ముక్క తుంచి లాభం అని దానికి పెడుతుండె. రెండు అని తను తింటుండె. మళ్ల లాభం దానికి, రెండు ఆయనకు. మూడు ఎప్పుడు వస్తది తాతా అని మేం నవ్వుతుంటిమి. మేం ఇద్దరమే కదరా, మూడు ఎందుకు అనేటోడు."

ఇంటికొచ్చేసరికి భోజనం వేళైంది. నా పళ్లెం కూడా వరండాలోకి తెచ్చుకుని, నేల మీద, గిన్నెకు ఇవతల కూర్చున్నాను. లాభం అని దానికి పెట్టాను. రెండు అని నేను తిన్నాను. నేను నమిలి మింగేదాకా అది నా నోటి వైపే చూసింది. తర్వాత తలదించి గిన్నె వైపు చూసింది. పదహారు రోజులు అది మా ముఖాల్లోకి ఎందుకు చూసిందో అప్పుడు తెలిసింది. మేమంతా నిలబడి దాన్ని తినమన్నాం తప్ప, దానితో కూర్చుని ఎవరం తినలేదు.

ఇరవై రెండో రోజు పొద్దున, ముందే చెప్పుకున్న ప్రకారం, ఆశ్రయం నుంచి మేడమ్ ఫోన్ చేసింది, బండి పంపమంటారా అని. ఒక్క నిమిషం ఆగమని, ముసలమ్మను ఎత్తుకుని యంత్రం మీద నిలబడ్డాను. ఎనభై మూడు కిలోల తొమ్మిది వందలు. దాన్ని దించి నేను ఒక్కణ్ని నిలబడ్డాను. డెబ్బై ఒకటి. పన్నెండు కిలోల తొమ్మిది వందలు అని చెప్పాను. మందేం ఇచ్చారని అడిగింది.

"మందు కాదు మేడమ్. మా ఇంట్ల లెక్క తప్పుండె," అన్నాను. "సరిచేసినం."

ఆమెకు ఏం అర్థమైందో తెలియదు, బండి అక్కర్లేదు కదా అని ఇంకోసారి అడిగి పెట్టేసింది. మా ఆవిడ క్యాలెండర్ మీది సంచి తీసుకుని కూరగాయలకు వెళ్లింది. వచ్చాక వంటకు బియ్యం తీస్తూ, మొదటి గ్లాసు గిన్నెలో పోసి, "లాభం" అంది. వరండాలోంచి ముసలమ్మ నడిచి వచ్చి వంటింటి గడప దగ్గర కూర్చుంది. మా ఆవిడ రెండు అనకుండా గ్లాసు పక్కన పెట్టి, పొద్దుటి రొట్టెలోంచి ఒక ముక్క తుంచింది.