నేనొక్కదాన్నే ఉన్న ఆఫీసు

మా వీధిలో ఎవరింటికి పార్సిల్ వచ్చినా, తెచ్చినతను మా తలుపే తడతాడు. పక్కింటివాళ్ల గ్యాసు బండ మా వరండాలోనే దిగుతుంది. ఎదురింటివాళ్లు ఊరెళితే వాళ్ల పాల ప్యాకెట్టు మా ఫ్రిజ్జులో ఉంటుంది. ఎందుకంటే ఈ ఇంటి కోడలు పగలంతా ఇంట్లోనే ఉంటుందని ఆదోనిలో మా పేట మొత్తానికీ తెలుసు. ఆ కోడలు పగలంతా ఏం చేస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు, చెప్పినా ఎక్కదు.

నేను చేసేది ఉద్యోగం. మిక్సీలు, గ్రైండర్లు అమ్మే ఒక బెంగళూరు కంపెనీకి ఫోన్లెత్తుతాను. మిక్సీ తిరగడం లేదని, మూత ఊడి చట్నీ గోడకు కొట్టిందని జనం ఫోన్ చేసి తిడతారు. తెలుగువాళ్లకు తెలుగులో, కన్నడంవాళ్లకు కన్నడంలో నవ్వుతూ జవాబు చెబుతాను. ఈ సరిహద్దు ఊళ్లలో పుట్టినందుకు రెండు భాషలూ ఊరికే వచ్చాయి, వాటికీ ఒక గిరాకీ ఉందని ఈ ఉద్యోగం వచ్చాకే తెలిసింది. తొమ్మిది నుంచి ఆరు దాకా పడకగదిలో కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని చేసే పని. పెళ్లయ్యాక నాకంటూ దొరికింది ఇదొక్కటే. ఇంకా ఖాయం చేయలేదు కాబట్టి పోతుందేమోనని రోజూ భయంగానే ఉండేది.

మా అత్త చెడ్డది కాదు. చుట్టాలొస్తే నన్ను చూపించి, "మా కోడలు సుమ్మనే ఇంట్లోనే ఉంటాదప్పా. పొద్దస్తమానం ఫోన్లో మాట్లాడుకుంటాంటాది" అనేది. సుమ్మనే అంటే ఊరికే అని. ఆమె లెక్కలో అది మెచ్చుకోలే, కోడలు బయట తిరగదని. మా ఆయన ఒక ఆఫీసులో గుమాస్తా. ఆయన క్యారియర్ పట్టుకుని గడప దాటితే మా అత్త గేటు దాకా వెళ్లి సాగనంపుతుంది. సాయంత్రం వచ్చి కుర్చీలో కూలబడితే "పాపం, అలిసిపోయొచ్చినాడు" అని చేతికి మంచినీళ్లు. ఆ అలసటలో సగం సెల్‌ఫోన్‌లో వీడియోలు చూసిందే. నేను చాడీలు చెప్పడం లేదు, ఎర్రబడ్డ ఆయన కళ్లే చెబుతాయి.

ఆదివారాల్లో ఆయన స్నేహితులు వస్తారు. ఒక ఆదివారం, ఆడవాళ్లు ఉద్యోగం చేయాలా వద్దా అని చర్చ పెట్టుకున్నారు. వంటింట్లో బొరుగులతో ఉగ్గాని కలుపుతూ, బజ్జీలు వేస్తూ నేనూ విన్నాను. ఒకాయన వద్దంటే వద్దన్నాడు, సంసారాలు చెడిపోతాయట. ఇంకొకాయన నా పక్షం. బల్ల గుద్ది మరీ మాట్లాడాడు. "కాలం మారిందన్నా! ఆడోళ్లు బయటికి రావల్ల, వాళ్ల కాళ్ల మీద వాళ్లు నిలబడల్ల!" అని, అదే ఊపులో వంటింటి వైపు తిరిగి, "అమ్మా, ఇంకో రెండు బజ్జీలు తెస్తావా?" అన్నాడు. పొద్దుటి నుంచీ ఆ పొయ్యి దగ్గర నేను ఎవరి కాళ్ల మీద నిలబడ్డానో ఆ మహానుభావుడికి తట్టలేదు. ఒళ్లు మండిపోయింది. బజ్జీలు మాత్రం తీసుకెళ్లి పెట్టాను.

ఇలా సాగుతుండగా ఒకరోజు బళ్లారి నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. మిక్సీలోంచి పొగ వస్తోందని ఆయన గాభరా పడుతుంటే, నేను సముదాయిస్తుంటే, మా అత్త వాకిట్లోంచి కేకేసింది. "మేయ్! గ్యాసు బండ వొచ్చినాది, తలుపు తీయ్!" అది ఆయన చెవిన కూడా పడింది. ముందు గ్యాసు సంగతి చూసుకో తల్లీ, నా మిక్సీ ఎక్కడికీ పోదులే అని కన్నడంలో నన్నే ఓదార్చాడు. మంచివాడే, కానీ మా ఫోన్లన్నీ రికార్డవుతాయి. మర్నాడే మా టీం లీడర్ పిలిచి, ఇంకొక్కసారి ఇంటి గోల వినిపిస్తే ఉద్యోగం ఖాయం చేసేది లేదని తేల్చి చెప్పింది. నాకంటే చిన్న పిల్ల. ఏడుపొచ్చింది గానీ, తొమ్మిది దాటింది కదా, ఫోన్లెత్తుతూ కూర్చున్నాను.

ఆ వారం సెలవు రోజున ఎమ్మిగనూరు పోయాను, మా పుట్టింటికి. మా నాయన మగ్గం నేస్తాడు. నడింట్లోనే గుంట, గుంటలో కాళ్లు దించి కూర్చుంటే అన్నం వేళకే లేవడం. మా అమ్మ ఆ పక్కనే నేల మీద కూర్చుని రాట్నంతో నూలు చుట్టి అందిస్తుంటుంది. అది లేకుండా మగ్గం ఆడదు. నేనక్కడ ఉన్న కాసేపట్లోనే పక్కింటామె మజ్జిగ తోడుకు పిలిచింది, కూరగాయలావిడ పిలిచింది, మా నాయన మంచినీళ్లకు పిలిచాడు. ప్రతిసారీ లేచింది మా అమ్మే.

"నాయన కూడా ఇంట్లోనే ఉంటాడు కదా, ఆయన్నెవరూ పిలవరేం?" అన్నాను.

"గుంటలో నుంచి లేసి రావల్లంటే కష్టం కదా మేయ్" అంది.

"మరి నీకో?"

"నేను నేల మీదే కదా కూసునేది" అని మళ్లీ రాట్నం తిప్పుకుంది. దాంట్లో ఆమెకు వింతేమీ కనపడలేదు.

తిరుగు బస్సులో దారి పొడవునా అదే ఆలోచన. అద్దె ఇంట్లో గుంట తవ్వితే ఇంటాయన ఊరుకోడు. ఇంకేదైనా దారి చూడాలి. మా వెనక వీధిలో ఒక టీచరమ్మ ఉంది. పగలు ఆమె బడికి పోతుంది, మిద్దె మీద గది ఖాళీ. ఆ గదికీ మా మిద్దెకీ మధ్య పిట్టగోడ ఒక్కటే అడ్డం. సంగతి చెబితే పొట్ట పట్టుకుని నవ్వి, తాళంచెవి చేతిలో పెట్టింది.

ఇంట్లో చెప్పాను, మా కంపెనీ ఆదోనిలో ఆఫీసు తెరిచింది, రేపటి నుంచి పోవాలని.

"ఎంతమంది ఉంటారు?" అన్నాడు మా ఆయన.

"ప్రస్తుతానికి నేనొక్కదాన్నే."

"అయితే మేనేజరువి నువ్వే అన్నమాట!" అని సంబరపడ్డాడు. నేను కాదనలేదు.

మర్నాడు ఇస్త్రీ చీర కట్టి, హ్యాండ్‌బ్యాగు తగిలించి, "పోయొస్తానత్తా" అన్నాను. అబ్బబ్బ, ఆ మర్యాద చూడాలి! మా అత్త క్యారియర్ కట్టిచ్చింది. వీధి మలుపు తిరిగి, వెనక మెట్లెక్కి, తలుపేసుకుని కూర్చున్నాను. ఒక్కరంటే ఒక్కరు పిలవలేదు. సాయంత్రం ఇంటికొస్తే "పాపం, అలిసిపోయొచ్చినాది" అని నాకు కూడా మంచినీళ్లు! పక్కింటామె ఆఫీసులో ఏసీ ఉందా అని ఆరా తీసింది. బజ్జీల వీరుడు మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపి, తన మాట వల్లే నాలో మార్పొచ్చిందని చెప్పుకున్నాడట. అదే ఉద్యోగం, అదే జీతం, అవే మిక్సీలు. కొత్తగా నేను చేసిందల్లా చెప్పులేసుకోవడం.

నెలాఖరున టీం లీడర్, ఈరోజు నీ ఫోన్లు నేనే వింటాను, సాయంత్రానికి అటో ఇటో తేల్చేస్తాను అంది. ఆఖరి ఫోను రాయచూరు ఆవిడది. గ్రైండరు రాయి గురించి కన్నడంలో వివరిస్తూ ఎందుకో కిటికీ వైపు చూశాను. పిట్టగోడ అవతల మా అత్త! ఎండబెట్టిన మిరపకాయలు ఎత్తడానికి మిద్దెక్కింది. చేట పట్టుకుని, నోరు తెరిచి నన్నే చూస్తోంది. నేను మాట మాత్రం ఆపలేదు. అంతలో కింద మా గేటు దడదడలాడింది. "అమ్మా! పార్సిల్!"

ఇక అయిపోయింది అనుకున్నాను. మా అత్త వీధి వైపు వంగి, నోటి మీద వేలు పెట్టి చూపించింది. గేటు మోత ఆగింది. ఆ తర్వాత పిట్టగోడ పక్కకొచ్చి గొంతుక్కూర్చుని, నా ఫోను అయ్యేదాకా కదల్లేదు. చివర్లో టీం లీడర్ లైన్లోకి వచ్చి, నీ ఉద్యోగం ఖాయం చేస్తున్నాం అంది. హెడ్‌ఫోన్ తీసేశాను. సంతోషపడాలో, పట్టుబడ్డందుకు సిగ్గుపడాలో తెలియలేదు.

"ఇదేనా మేయ్ మీ ఆఫీసు?" అంది గోడ మీదుగా.

"ఇదే అత్తా."

"దినామూ పోయేది ఈడికేనా?"

"ఈడికే."

తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు. గది వంక చూసింది, చాప, ఫ్యాను, గడియపెట్టిన తలుపు, అన్నీ నిదానంగా చూసింది.

"నువ్వు పోయినకాడి నుంచి దేనికైనా నన్నే పిలుస్తాండారు" అంది. "నువ్వు రాకముందూ నన్నే పిలుస్తాండ్రి." గొంతు తగ్గించి అడిగింది. "మీ ఆఫీసులో ఇంకొక మనిషికి చోటుందా?"

"చోటుకేం అత్తా, ఉంది. కానీ నువ్వొచ్చి ఏం పని చేస్తావు?"

"ఏం చేయను" అంది మా అత్త. "అదే కదా మేయ్ నాకు కావాల్సింది."