అమ్మకానికి లేని ఆపిళ్లు

లండన్‌లో థేమ్స్ ఒడ్డునున్న ఒక నాటకశాలలో టామ్సిన్ హకిల్ చాలా ఏళ్లుగా ఆపిళ్లు అమ్ముతోంది. అవి నాలుగు వందల ఏళ్ల కిందటి రోజులు. అక్కడ గుమ్మం దగ్గర డబ్బు వసూలు చేసేది ఆడదే. రాణుల గౌన్లు కుట్టేదీ, చెమట కంపు కొట్టే ఆ గౌన్లను ఉతికేదీ ఆడదే. వేదిక మీద కాలు పెట్టడానికి మాత్రం ఆడది పనికిరాదు; ఆడవేషాలు కూడా కుర్రాళ్లే కట్టేవారు.

అలాగని రాసిన చట్టమేదీ లేదు. అవసరం పడలేదు. కూడదనడంలో పెద్దమనుషులందరిదీ ఒకే మాట. ఎందుకు కూడదంటేనే తలో మాట. వేదికెక్కిన ఆడది చెడుతుందని ఒకరు, చెడినదే వేదికెక్కుతుందని ఇంకొకరు. మగపిల్లలకు ఆడవేషం కట్టడమూ పాపమేనని చర్చి గురువు గొంతు చించుకునేవాడు. ఆ పాపం మాత్రం అందరికీ ముద్దొచ్చింది.

టామ్సిన్ ఐదుగురిని కన్న తల్లి. పొట్టకు దిండు కట్టుకున్న కుర్రాడు పురిటినొప్పులు పడుతుంటే, ఆమె కళ్లకు వాడు పచ్చికాయలు తిని కడుపునొప్పి తెచ్చుకున్నట్టే ఉండేది. పట్టు దుస్తుల బాబులు మాత్రం కళ్లొత్తుకునేవారు.

"ఆడదాని మనసు ఎంత బాగా పట్టాడ్రా!"

"ఏ ఊరి ఆడదో," అని టామ్సిన్ గొణుక్కునేది.

ఆ ఏడు ఫ్రాన్స్ నుంచి ఒక బృందం ఆ నాటకశాలలో ఆడడానికి వచ్చింది. అందులో ఆడవేషాలు ఆడవాళ్లే వేస్తారట. ఒక్కసారైనా అది చూడాలని టామ్సిన్ మనసు పడింది.

వాళ్ల ఆట ఉన్న మధ్యాహ్నం, నాటకం మొదలుకాకముందే ఒక పడుచు దొరబాబు వచ్చాడు.

"బుట్టంతా ఇచ్చెయ్, అవ్వా."

"ఎన్నడూ ఒక్క కాయ కొనని బాబువి, ఇంత ఆకలేమిటి?"

"తినడానికా ఏంటి? ఆ ఫ్రెంచి లంజలకి నైవేద్యం. కుళ్లినవుంటే మరీ మంచిది."

వెనక ఆయనగారి నేస్తాలు విరగబడి నవ్వారు.

టామ్సిన్ బుట్టకు మూత పెట్టి దాని మీద కూర్చుంది. "అమ్మను."

నాటకశాల చూసుకునే బార్నబీ పౌన్సెట్ పరుగెత్తుకొచ్చాడు. దొరల ముందు నడుము ఎంత వంగేదో, పనివాళ్ల ముందు నోరు అంత లేచేది.

"ఏమే, పొగరెక్కిందా? ఇవ్వు. లేదంటే రేపట్నుంచి ఈ గడప తొక్కొద్దు."

ఆ గడపే ఆమె కూడు. అయినా కదల్లేదు.

తెర తొలగింది. బిడ్డ చనిపోయిన తల్లిగా నడివయసు మనిషి ఒకామె వచ్చింది. గుండెలు బాదుకోలేదు, మూర్ఛపోలేదు. ఖాళీ ఊయలలో గుడ్డ సర్దింది. సర్దినదాన్నే మళ్లీ సర్దింది. ఫ్రెంచి ముక్క రాని టామ్సిన్‌కు మాటల అవసరం రాలేదు. తన రెండో బిడ్డ పోయిన రోజు తానూ అంతే.

ఈలలు లేచాయి. ఆపిళ్లు దొరకని వీరులు నారింజ తొక్కలతో సరిపెట్టుకున్నారు. ఒకడు బూటు విసిరాడు. ఆడవాళ్లకు సిగ్గు పోతుందని బెంగపడే పెద్దమనుషులు బల్లలెక్కి బూతులు తిట్టారు. ఆమె ఊయల చంకన పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

బార్నబీ వచ్చి వాకిలి చూపించాడు. "నీ తిండి నువ్వే పోగొట్టుకున్నావు. ఏం బావుకున్నావే?"

"ఇన్నాళ్లూ నాటకం చూస్తున్నాననుకున్నానయ్యా," అంది టామ్సిన్, బుట్ట నెత్తికెత్తుకుంటూ. "ఇవాళే కాసేపు నిజంగా చూశాను. ఇక నీ దిండు మహారాణుల్ని నువ్వే చూసుకో."